సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొంటున్నారా..? టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూడకపోతే జేబుకు చిల్లే!

సింగిల్ ఓనర్.. షోరూమ్ కండిషన్.. కొత్త కారు ధరలో సగానికే స్పోర్ట్స్ కారు.. ఫోన్‌లో ఇలాంటి యాడ్ కనిపిస్తే చాలు, స్పీడ్ కార్లంటే ఇష్టపడే కుర్రాళ్ల వేలు అక్కడే ఆగిపోతుంది. వెంటనే ఫోన్ చేస్తారు, వెళ్లి చూస్తారు, సైలెన్సర్ సౌండ్ వింటారు.. అక్కడికక్కడే టోకెన్ ఇచ్చేస్తారు. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. గేర్‌బాక్స్ పోయిందనో, ఇంజిన్ ఆయిల్ తాగుతోందనో తెలిసేసరికి అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తరు. మరి ఇలాంటి కారు కొనే ముందు ఏమేం చూడాలి? ఏ సమస్య ఉంటే బేరమాడాలి, ఏది కనిపిస్తే వెనక్కి తిరిగి వచ్చేయాలి? వివరంగా తెలుసుకుందాం.

మన బెల్ట్‌లో ఎందుకింత క్రేజ్?

కొండాపూర్ అనగానే చాలామందికి ఐటీ కారిడార్‌లోని కొండాపూర్ గుర్తొస్తుంది. మనం చెప్పుకుంటున్నది సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్ మండలం గురించి. శాతవాహనుల కాలం నాటి తవ్వకాలు, పురావస్తు మ్యూజియం ఉన్న ఊరు ఇదే. ఇక్కడి నుంచి సంగారెడ్డి, కంది, రుద్రారం, ఇస్నాపూర్, పాశమైలారం, పటాన్‌చెరు దాకా అంతా ఫ్యాక్టరీల ప్రాంతం. షిఫ్టు ఉద్యోగాలు చేసే యువత ఎక్కువ. నాలుగేళ్లు ఓటీలు చేసి దాచుకున్న డబ్బుకు కొంత లోన్ కలిపి, ఇష్టమైన కారు కొనాలనుకునేవాళ్లూ ఉన్నారు.

ఇంకో విషయం.. 65వ నంబర్ జాతీయ రహదారి ఈ ఊళ్ల మీదుగానే వెళ్తుంది. హైదరాబాద్ నుంచి జహీరాబాద్, షోలాపూర్ మీదుగా పుణె, ముంబై వైపు వెళ్లే రూటు ఇదే. అందుకే మహారాష్ట్ర, కర్ణాటక నంబర్ ప్లేట్ల కార్లు ఇక్కడ అమ్మకానికి రావడం మామూలే. అలాంటి కారు తక్కువ ధరకు వస్తోందంటే దాని వెనక కారణమేంటో ముందు తెలుసుకోవాలి.

ఏ కారుకు ఏ జబ్బు?

మన దగ్గర స్పోర్ట్స్ కారు అంటే ఫెరారీ, లాంబోర్గినీలే కాదు. మామూలు కారు బాడీలో పవర్‌ఫుల్ ఇంజిన్ ఉన్నవే సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఎక్కువగా దొరుకుతాయి. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, లారా ఆర్ఎస్, ఫియట్ అబార్త్ పుంటో, మారుతి బాలెనో ఆర్ఎస్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. బడ్జెట్ పెరిగితే ఫోర్డ్ మస్టాంగ్, పోర్షే బాక్స్‌టర్ కూడా కనిపిస్తాయి. ఒక్కో కారుకు ఒక్కో బలహీనత ఉంటుంది. అది ముందే తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

పోలో జీటీ టీఎస్ఐ 2013లో వచ్చింది. 1.2 లీటర్ టర్బో ఇంజిన్‌కు 7 గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఇచ్చారు. ఇది డ్రై క్లచ్ రకం. ట్రాఫిక్‌లో ఆగుతూ, కదులుతూ నడిస్తే క్లచ్‌లు వేడెక్కి అరుగుతాయి. గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్‌లోనూ సమస్యలు వచ్చాయి. 2013లో చైనాలో డీఎస్‌జీ గేర్‌బాక్సుల కారణంగానే 3.8 లక్షలకు పైగా కార్లను ఫోక్స్‌వ్యాగన్ రీకాల్ చేసింది. అయితే 2020లో బీఎస్-6 నిబంధనలతో వచ్చిన పోలో జీటీలో 1.0 లీటర్ ఇంజిన్, 6 గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ పెట్టారు. పేరు ఒకటే అయినా లోపల గేర్‌బాక్స్ వేరు. కాబట్టి ఏ ఏడాది కారో చూడకుండా ధర మాట్లాడొద్దు.

2017లో వచ్చిన ఆక్టేవియా ఆర్ఎస్ 230లో ఉన్నది 6 గేర్ల డీఎస్‌జీ. దీని క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి వేడిని బాగా తట్టుకుంటుంది. కానీ గేర్‌బాక్స్ ఆయిల్‌ను ప్రతి 60 వేల కిలోమీటర్లకు మార్చాలి. 80 వేలు తిరిగిన కారుకు ఆ బిల్లు లేదంటే మార్చలేదనే అనుకోవాలి.

2011లో వచ్చిన లారా ఆర్ఎస్‌లో 1.8 టీఎస్ఐ ఇంజిన్ ఉంటుంది. ఆ తరం ఇంజిన్లలో టైమింగ్ చైన్ టెన్షనర్ బలహీనమైనదని ప్రపంచవ్యాప్తంగా పేరు. చైన్ జారితే పిస్టన్లు వెళ్లి వాల్వ్‌లకు తగులుతాయి. ఇంజిన్ విప్పాల్సిందే. పోర్షే బాక్స్‌టర్, 911లలో 1997 నుంచి 2008 మధ్య వచ్చిన చాలా ఇంజిన్లలో ఐఎంఎస్ బేరింగ్ అనే చిన్న భాగం ఫెయిలైతే ఇంజిన్ మొత్తం పోతుంది. 2009 మోడళ్లతో వచ్చిన కొత్త ఇంజిన్లలో ఆ బేరింగే లేదు.

ఇక అబార్త్ పుంటో, మస్టాంగ్ లాంటి కార్లకు మరో చిక్కు ఉంది. ఫియట్ మన దేశంలో కార్ల అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. కారు బాగానే ఉన్నా ఒక పార్ట్ కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు. కొనే ముందే ఆ మోడల్ స్పేర్లు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోండి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి

కారు చూడటానికి పొద్దున్నే వెళ్లడం మంచిది. 'నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండన్నా' అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. ఎందుకంటే చాలా ఇంజిన్ల అసలు రంగు చల్లగా స్టార్ట్ చేసినప్పుడే బయటపడుతుంది.

స్టార్ట్ చేసే ముందు ఇగ్నిషన్ ఆన్ చేసి డ్యాష్‌బోర్డ్ చూడండి. చెక్ ఇంజిన్, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లైట్లు ముందు వెలిగి, తర్వాత ఆరిపోవాలి. ఏ లైటైనా అసలు వెలగలేదంటే ఆ బల్బును తీసేసి ఉండొచ్చు. సమస్య కనపడకుండా చేసే పాత ట్రిక్ ఇది.

స్టార్ట్ కాగానే మొదటి రెండు మూడు సెకన్లు చెవి పెట్టి వినండి. గొలుసు గిలక్కొట్టినట్టు చప్పుడు వస్తే టైమింగ్ చైన్ మీద అనుమానపడాలి. ఈలోగా మీ వెంట వచ్చినవాళ్లను సైలెన్సర్ దగ్గర నిలబెట్టండి. పొగ రంగును బట్టి చాలా తెలుస్తుంది.

నీలం రంగు పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో, టర్బోనో కారణం కావచ్చు. చలికాలం పొద్దున కాసేపు పల్చటి తెల్ల ఆవిరి రావడం మామూలే. ఇంజిన్ వేడెక్కాక కూడా చిక్కటి తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి వెళ్లి కాలుతున్నట్టు, అంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. నల్ల పొగ వస్తే పెట్రోల్ ఎక్కువగా పోతోందని అనుకోవాలి. ఇంజిన్ ట్యూనింగ్ మార్చిన కార్లలోనూ ఇది కనిపిస్తుంది.

ఇంజిన్ ఆపి ఆయిల్ ఫిల్లర్ మూత తీసి చూడండి. దాని కింద పాల మీద మీగడలా తెల్లగా, జిగటగా పేరుకుని ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో చూడాలి. కూలెంట్ ట్యాంకులో నూనె తెట్టు కనిపించినా అంతే. ఒక జాగ్రత్త.. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు కూలెంట్ మూత తీయకండి, మరుగుతున్న నీళ్లు ముఖం మీదకు చిమ్ముతాయి.

టర్బో, కంప్రెషన్.. ఈ రెండూ వదలొద్దు

స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి టర్బో ఉంటుంది. నిమిషానికి లక్షకు పైగా తిరిగే చిన్న చక్రం అది. ఆయిల్ సమయానికి మార్చకపోతే ముందు దెబ్బతినేది అదే. కాసేపు ఐడిల్‌లో ఉంచి, ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కితే నీలం పొగ గుప్పున వచ్చినా, సైరన్ లాంటి కూత వినిపించినా టర్బో సీళ్లు, బేరింగులు అరిగినట్టు అనుమానించాలి. ఇంటర్‌కూలర్ పైపు విప్పితే లోపల కాస్త తడి ఉండటం మామూలే. ఆయిల్ కారుతోందంటే మాత్రం ఖర్చు తప్పదు.

మెకానిక్‌తో కంప్రెషన్ టెస్ట్ చేయించండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో గేజ్ పెట్టి ఒత్తిడి కొలుస్తారు. ఇక్కడ అంకె కంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. ఉదాహరణకు మూడు సిలిండర్లలో 180 పీఎస్ఐ వచ్చి ఒకదాంట్లో 130 వస్తే ఆ సిలిండర్‌లో రింగో, వాల్వో పోయినట్టే. తేడా 10-15 శాతం దాటితే జాగ్రత్త పడాలి. 'ప్లగ్గులు విప్పనివ్వను' అని ఓనర్ అంటే.. మీరు కొనాలా వద్దా అన్నదానికి సమాధానం దొరికినట్టే.

స్కానర్ పెడితే నిజం బయటపడుతుంది

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్‌లు చూడాలి. అక్కడ కోడ్‌లు ఏమీ లేవని సంతోషపడొద్దు. మీరు వచ్చే గంట ముందు డిలీట్ చేసి ఉండొచ్చు. దీన్ని పట్టుకోవడానికి ఒక మార్గం ఉంది. కోడ్‌లు చెరిపితే కారు తనను తాను పరీక్షించుకునే 'రెడీనెస్ మానిటర్లు' కూడా రీసెట్ అవుతాయి. స్కానర్‌లో వాటిలో చాలావరకు 'నాట్ రెడీ' అని చూపిస్తే ఈమధ్యే చెరిపేశారనో, బ్యాటరీ తీసిపెట్టారనో అర్థం. అప్పుడు కొన్ని రోజులు నడిచాక మళ్లీ స్కాన్ చేస్తానని చెప్పండి.

ఈసీయూ రీమ్యాప్ సంగతీ అడగాలి. 'స్టేజ్ వన్ చేయించా తమ్ముడూ, పవర్ మామూలుగా ఉండదు' అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. కంపెనీ ఇచ్చిన దానికంటే ఎక్కువ పవర్ లాగితే క్లచ్, గేర్‌బాక్స్, టర్బో మీద భారం పెరుగుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పుల వల్ల క్లెయిమ్‌లో ఇబ్బంది రావచ్చు. రీమ్యాప్ చేశాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో, ఏ పెట్రోల్ పోశారో తప్పకుండా కనుక్కోండి.

పెట్రోల్ విషయం కూడా చూసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్. పాత కార్లలో రబ్బరు పైపులు, సీళ్లు దీనికి తగినట్టు ఉండకపోవచ్చు. ఫ్యూయల్ పైపులు పగుళ్లు తేలాయా, పెట్రోల్ వాసన వస్తోందా అన్నది చూడండి. ఓనర్ మాన్యువల్‌లో, పెట్రోల్ మూత లోపల ఏ పెట్రోల్ వాడాలో రాసి ఉంటుంది.

టెస్ట్ డ్రైవ్ ఇలా చేయండి

మన ప్రాంతంలో ఉన్నవాళ్లకు టెస్ట్ డ్రైవ్‌కు మంచి రూటే ఉంది. బయలుదేరే ముందు మీ లైసెన్స్, కారు ఇన్సూరెన్స్ రెండూ చెల్లుబాటులో ఉన్నాయో లేదో చూసుకోండి.

ముందు కొండాపూర్ వైపు ఊరి రోడ్ల మీద, కిటికీలు దించి, మ్యూజిక్ ఆపేసి నెమ్మదిగా నడపండి. స్పీడ్ బ్రేకర్ల మీద టక్ టక్ చప్పుడు వస్తే సస్పెన్షన్ బుష్‌లు, లింక్ రాడ్లు అరిగినట్టు. స్పోర్ట్స్ కార్లు కిందికి ఉంటాయి కాబట్టి గుంతల్లో కింద తగిలి ఆయిల్ సంప్ దెబ్బతిని ఉండొచ్చు. తిరిగి వచ్చాక ర్యాంప్ ఎక్కించి కింద నుంచి చూడటం తప్పనిసరి.

తర్వాత సంగారెడ్డి దాటి కంది వైపు హైవే ఎక్కండి. మాన్యువల్ గేర్ల కారైతే నాలుగో గేర్‌లో తక్కువ వేగంలో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తున్నా కారు వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. 80-100 వేగంలో స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్ లోపం, లేదా రిమ్ వంగి ఉండొచ్చు. వెనక బండ్లు లేనప్పుడు బ్రేక్ వేస్తే పెడల్ కాలికి వణికినట్టు తగిలితే డిస్కుల్లో తేడా ఉన్నట్టు.

చివరగా ఇస్నాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా షిఫ్టు బస్సులు, లారీలు ఉండే టైమ్‌లో వెళ్లండి. ట్రాఫిక్‌లో ఇరుక్కోవడానికి ఎవరూ ఇష్టపడరు గానీ డీఎస్‌జీ గేర్‌బాక్సుకు అసలు పరీక్ష అక్కడే. ఒకటి, రెండు గేర్ల మధ్య కుదుపులు, రివర్స్ వేసి కదిలేటప్పుడు వణుకు, కాసేపు గేరే పడకపోవడం.. వీటిలో ఏది కనిపించినా గేర్‌బాక్స్ విప్పే ఖర్చు లెక్కలోకి తీసుకోవాలి. అదే టైమ్‌లో టెంపరేచర్ ముల్లు మీద ఓ కన్నేసి ఉంచండి. ఏప్రిల్, మే ఎండల్లో ఏసీ వేసి ట్రాఫిక్‌లో నిలబడినా ముల్లు మధ్యలోనే ఉండాలి. రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరిగి ఆగాలి.

ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్ ఎక్కగానే 'ఒక్కసారి లాగి చూడన్నా' అని పక్కవాళ్లు అంటారు. అక్కడ గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లే. కొత్త కారు, తెలియని బ్రేకులు, పాత టైర్లు.. ఈ మూడూ కలిస్తే ఏం జరుగుతుందో ఔటర్ మీద చాలాసార్లు చూశాం. ఇంజిన్ బాగుందో లేదో తెలియడానికి 100 దాటాల్సిన అవసరమే లేదు.

టైర్లు.. వరద నీళ్లు.. యాక్సిడెంట్ గుర్తులు

టైర్ పక్కన డీఓటీ కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గీతలు బాగానే ఉన్నా ఐదారేళ్లు దాటితే రబ్బరు గట్టిపడుతుంది. టైరు లోపలి వైపు మాత్రమే అరిగి ఉంటే అలైన్‌మెంట్ పోయినట్టు, లేదా పెద్ద దెబ్బ తగిలి ఉండొచ్చు. స్పోర్ట్స్ కార్ల టైర్ల సైజులు వేరు, ధరలు ఎక్కువ. నాలుగూ మార్చాలంటే ఎంతవుతుందో ముందే కనుక్కుని ధరలో తగ్గించమని అడగండి.

వరదలో మునిగిన కార్లతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ, ఖమ్మం, 2025 ఆగస్టులో మెదక్, కామారెడ్డి.. ఈ వరదల్లో ఎన్నో బండ్లు నీటమునిగాయి. కడిగి, పాలిష్ కొట్టాక పైకి ఏమీ తెలియదు. సీట్ బెల్టును చివరిదాకా లాగి చూడండి. కడిగేవాళ్లు అంతదాకా వెళ్లరు, బురద మరక అక్కడే దొరుకుతుంది. స్టెప్నీ కింద గుంత, సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద వాసన, ఫ్యూజ్ బాక్సులో మట్టి.. ఇవన్నీ చూడాలి. ఎలక్ట్రానిక్స్ ఎక్కువగా ఉండే కారులోకి నీళ్లు వెళ్తే ఆరు నెలల తర్వాత కూడా ఒక్కో సెన్సర్ మొండికేస్తుంది.

యాక్సిడెంట్ గుర్తుల కోసం డోర్లు, బానెట్ మధ్య సందులు రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో చూడండి. బానెట్ బోల్టుల మీద పెయింట్ లేచి ఉంటే స్పానర్ పడినట్టే. పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటే మరీ మంచిది. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక్క డోర్ మీద మాత్రం 300 దాటితే కింద పుట్టీ ఉన్నట్టు.

మీటర్ తిప్పేశారా?

స్పోర్ట్స్ కారు 'వీకెండ్ కారు' అని, 25 వేలే తిరిగిందని చెబుతారు. బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, డ్రైవర్ సీటు అంచు చీలి, స్టీరింగ్ మెరిసిపోతుంటే ఆ అంకెను నమ్మొద్దు. ఛాసిస్ నంబర్‌తో ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో సర్వీస్ హిస్టరీ అడగండి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో అందులో ఉంటుంది. నిరుడు 60 వేలు ఉన్న కారు ఈ ఏడాది 40 వేలకు దిగిందంటే ఇక మాట్లాడాల్సింది లేదు.

కాగితాలు కూడా మెషీన్ లాంటివే

ఇంజిన్ ఎంత బాగున్నా కాగితాలు తేడాగా ఉంటే కారు ఇంట్లోనే ఉంటుంది. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఓనర్ పేరు, ఎన్నో ఓనర్, ఫైనాన్స్ ఉందా లేదా, ఇన్సూరెన్స్ గడువు చూడండి. ఆర్సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లను కారు మీద ఉన్నవాటితో మీరే సరిపోల్చుకోండి. లోన్ తీరినా హైపోథికేషన్ తీసేయకపోతే ఫారం 35, బ్యాంక్ ఎన్‌ఓసీ కావాలి. ఓనర్‌షిప్ మార్పుకు ఫారం 29, 30 ఇస్తారు. వేరే రాష్ట్రం కారైతే ఫారం 28తో అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు కలిపితే 'తక్కువ ధర' కాస్తా మామూలు ధర అయిపోతుంది.

డీలర్ దగ్గర కొంటే ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉందా అని అడగండి. పాత వాహనాల డీలర్లకు ఇది ఉండాలన్న నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మీరు మీ పాత కారు అమ్మి ఇది కొంటున్నట్టయితే ఇంకో మాట. ఆర్సీలో పేరు మారేదాకా యాక్సిడెంట్ పరిహారం బాధ్యత పాత ఓనర్‌దేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 'తర్వాత మార్చుకుంటాలే' అన్న మాట మీద తాళాలు ఇవ్వొద్దు.

దేనికి బేరం.. దేనికి నమస్కారం?

టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, సస్పెన్షన్ బుష్‌లు, బ్యాటరీ.. ఇవి అరిగిపోయే వస్తువులే. కొటేషన్ తీసుకుని ఆ మొత్తాన్ని ధరలో తగ్గించమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. క్లచ్, టర్బోలో సమస్య ఉంటే కొనొచ్చు గానీ, పూర్తి ఖర్చు తగ్గితేనే. వరదలో మునిగిన కారు, ఛాసిస్ వంగిన కారు, మీటర్ తిప్పిన కారు, ఛాసిస్ నంబర్ తేడా ఉన్న కారు.. ఇవి ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

చూసొచ్చిన రోజే టోకెన్ ఇవ్వకండి. 'ఇంకొకరు సాయంత్రం డబ్బుతో వస్తున్నారు' అనే మాట ప్రతి బేరంలోనూ వినిపిస్తుంది. ఆ మోడల్ మీద పనిచేసిన మెకానిక్‌ను మీ ఖర్చుతో తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు పంపించే మెకానిక్ వద్దు. ఇన్‌స్పెక్షన్‌కు పోయేది కొన్ని వేలే, గేర్‌బాక్స్ పోతే లక్షలు. అన్నీ బాగున్నాయని తేలినా కారు ధరలో 10 నుంచి 15 శాతం డబ్బు పక్కన ఉంచుకున్నాకే ముందుకు వెళ్లండి. ఆ డబ్బు మిగలడం లేదంటే ఆ కారు మీ బడ్జెట్ దాటినట్టే. ఇంకో ఏడాది ఆగితే అంతకంటే మంచి కారే దొరకొచ్చు.